మూడు హోస్టా మొగ్గలు

ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలో మేమున్న వీధిలో మల్లెపూల ఊసే లేదు. పక్కింటి పెద్దాయన పెరట్లో మాత్రం హోస్టాలుండేవి. నీడలో పెరిగే మొక్కలు. అక్కడివాళ్లు వాటిని ఆకుల అందం కోసం పెంచుతారు. చాలావాటి పూలకి వాసనే ఉండదు. ఒక్క తెల్లపూల రకం, ఎప్పుడో చైనా నుంచి వచ్చిందట, ఆగస్టులో సాయంత్రం విచ్చుకుని గుప్పుమనేది. దాని ముందు నేనెంత ఆశగా నిలబడ్డానో ఏమో, ఆయనే నవ్వి, "కంచె పక్కనున్నవి ఎన్ని కావాలంటే అన్ని కోసుకో" అన్నాడు.

ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. పసుపుపచ్చని ఆకులున్న హోస్టా పుప్పొడిని చిన్న కుంచెతో ఆ తెల్లపూలకి అంటించి, గింజలు కట్టించి, మొలిపించేవాడు. పసుపు ఆకు, పువ్వుకి వాసన, రెండూ ఒకే మొక్కకి రావాలి. అదీ ఆయన పట్టుదల. ఏళ్ల తరబడి మొలిచినవన్నీ మామూలు ఆకుపచ్చవే. ఒక్కటి మాత్రం పసుపు ఆకులేసింది. దానికి వాసన వస్తుందో రాదో పూసేదాకా తెలియదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలిస్తే చచ్చినా దాన్ని ముట్టుకునేదాన్ని కాదు.

ఆగస్టులో ఒక శనివారం తెలుగువాళ్ల భోజనాలు. మల్లెల్ని మొగ్గలుగానే కోసి కట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. సాయంత్రానికి జడలో వాటంతటవే విచ్చుకుంటాయి. మధ్యాహ్నం కంచె పక్కకి వెళ్లి దొరికిన మొగ్గలన్నీ కోశాను. కంచె నీడలో కుండీలో ఒక పసుపు ఆకుల మొక్క, దానికి ఒకే కాడ, మూడే మొగ్గలు. అవీ తుంచేశాను. అన్నీ కలిపి దారంతో మాల కట్టుకున్నాను.

సాయంత్రం కారెక్కబోతుంటే పెద్దాయన కంచె దగ్గర ఆ కుండీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన నన్ను చూసి, "ఏం చేశావే? అడిగి కోశావా?" అన్నారు.

"అడిగేదేమిటండీ, కంచె పక్కవి కోసుకోమన్నాడుగా!" అన్నాను, తప్పంతా పెద్దాయనదే అన్నట్టు.

పెద్దాయన కోప్పడలేదు. తిట్టినా బావుండేది. "ఇది మొదటిసారి పూస్తోంది. వాసన ఉందో లేదో చూద్దామని నాలుగేళ్లుగా కాచుకున్నాను" అన్నాడు. నేను జడలోంచి మాల లాగి ఆయన చేతిలో పెట్టాను. అప్పటికే పూలన్నీ విచ్చాయి. ఆయన ఆ మూడూ వేరుచేసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తెల్లపూల పక్కన గంటల తరబడి నలిగిన పూలు, ఏ వాసన దేనిదో ఎవరు చెప్పగలరు? "పర్లేదు, వచ్చే ఆగస్టు ఉందిగా" అన్నాడు. నేను భోజనాలకి వెళ్లలేదు.

ఆ చలికాలం ఆయనకి గట్టి ఫ్లూ వచ్చింది. జ్వరం తగ్గింది, మనిషి లేచి తిరిగాడు.

మళ్లీ ఆగస్టులో ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. కుండీలో ఈసారి రెండు కాడలు, ఒక పువ్వు అప్పుడే విచ్చింది. ఆయన వంగి చాలాసేపు పీల్చి లేచాడు.

"ఫ్లూ తర్వాత నాకు కాఫీ వాసన కూడా తెలియడం లేదు. ఇక రాదన్నాడు డాక్టరు. నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

వంగాను. ఉంది. ముక్కు దగ్గరకి తీసుకెళ్లకముందే తెలిసింది. కిందటేడు నేను కోయకుండా ఉంటే ఆయనకీ తెలిసేది. నాకు ఏడుపు ఆగలేదు. "ఉందండీ" అన్నాను.

"ఏడవకు" అన్నాడాయన. చొక్కా జేబులోంచి నోట్‌బుక్కు, పెన్సిలు తీసి, "సరిగ్గా చెప్పు. తెల్లదానికంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగాడు.