వకు మొలిచిన తోక

ప్రెస్సులో ఆమెను ఒత్తులమ్మ అంటారు. కళ్ళలో వత్తులు వేసుకుని కాగితాల్లో ఒత్తులు వెతికే మనిషికి అంతకంటే మంచి పేరు దొరకదని ఓనరు వాదన. ఇరవై ఆరేళ్ళుగా కాగితాలు కోసే మిషను వెనక, కిటికీ పక్కన, అదే కుర్చీ. ఎరుపు పెన్నును ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకోడుకు దారంతో కట్టేసి ఉంచుతుంది. వాక్యం కింద స్కేలు పెట్టి ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఒకసారి వెనక నుంచి ముందుకి చదువుతుంది. రెండోసారి చదివేటప్పుడు అర్థం అడ్డురాదట, అక్షరం ఒక్కటే కనపడుతుందట.

ఇంటికొచ్చినా ఆ కళ్ళకు విశ్రాంతి ఉండదు. మందు సీసా మీద చీటీ, గోడ మీద ప్రకటన, బస్సు టికెట్టు, ఏది చేతికందితే దానికి దిద్దుబాటే. ఆమె భర్త రైల్వేలో గార్డు. వారంలో మూడు రోజులే ఇంటి పట్టున ఉంటాడు. "నా మొహంలో కూడా ఏదో దీర్ఘం తగ్గినట్టు చూస్తావేంటే!" అని విసుక్కుంటూ ఉంటాడు పాపం.

మిగతా నాలుగు రోజులు ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మామగారు. ఆయన నూలు మిల్లు క్యాంటీనులో ముప్ఫయ్యేళ్ళు వంట చేశాడు. పూటకు నాలుగు వందల మందికి వండి, ఒక్కనాడు కూడా కూర మాడ్చని మనిషి. రెండేళ్ళ కిందట అత్తగారు పోయారు. అప్పటి నుంచి ఆయన గరిటె పట్టలేదు, నోరు విప్పలేదు. పెట్టింది తినడం, వరండాలో కుర్చీలో కూర్చోవడం, అంతే. ఉప్పు ఎక్కువైందని కానీ తక్కువైందని కానీ అనేవాడు కాదు. ముప్ఫయ్యేళ్ళు వండిన మనిషి ఉప్పు గురించి మాట్లాడ్డం మానేశాడంటే ఇంట్లోవాళ్ళు భయపడాల్సిందే. ఆమె భయపడింది.

ఏం చెయ్యాలో తోచక ఒకరోజు ప్రెస్సు నుంచి పుస్తకం తెచ్చి చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళకు అక్షరాలు ఆనవు. ఆ పుస్తకం పేరు బూడిదకోట. మంత్రాలు, భూతాలు, ఏడేళ్ళ యుద్ధం అన్నీ ఉన్న కథ. అప్పటికి నాలుగు భాగాలు వచ్చాయి, నాలుగింటికీ ప్రూఫులు చూసింది ఆమే. మొదటి రెండు రోజులూ ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు కథలోకి ఆ కోట వంటమనిషి వచ్చింది. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, అందరూ పొగచూరమ్మ అంటారు. ఆవిడ వచ్చీరాగానే ఆయన చెయ్యెత్తాడు.

"ఆగాగు. నూనె కాగకుండానే ముక్కలు వేసిందా? ఈ రాసినావిడకి వంట రాదు!"

అత్తగారు పోయిన ఆ నాలుగు నెలల్లో ఆయన అంత పెద్ద మాట మాట్లాడడం అదే మొదలు. ఆమె పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చుకుని వచ్చింది.

ఆ తర్వాత ఆయనకు బూడిదకోట పిచ్చి పట్టింది. సాయంత్రం ఆమె ప్రెస్సు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే కుర్చీలు రెండూ వరండాలో సిద్ధంగా ఉండేవి. రాజులు చచ్చినా భూతాలు చచ్చినా ఆయనకు పట్టేది కాదు. పొగచూరమ్మ ఏం వండింది, ఎవరికి పెట్టింది, తను తిన్నదా లేదా, అదీ ఆయన గోల. కథల్లో వంటవాళ్ళు వడ్డించి వెళ్ళిపోతారే తప్ప ఇంతసేపు నిలబడడం తను ఎప్పుడూ వినలేదని మురిసిపోయేవాడు.

నాలుగో భాగం ఆఖరి పేజీలో శత్రువులు కోట గుమ్మం దాకా వచ్చేస్తారు. అందరూ సొరంగంలోంచి పారిపోతుంటారు. సేనాపతి పొగచూరమ్మ చెయ్యి పట్టి లాగుతాడు. ఆవిడ చెయ్యి విడిపించుకుని అంటుంది: "మీరు వెళ్ళండి. మంట నన్ను పిలుస్తోంది." వెనక్కి తిరిగి కోటలోకి నడుస్తుంది. పుస్తకం అక్కడితో సరి.

ఐదో భాగం రాలేదు. రచయిత్రి ఎక్కడో దూరంగా ఉంటుంది, ఉత్తరాలకు జవాబివ్వదు, అచ్చయిన తన పుస్తకాన్ని తెరిచి చూసే అలవాటు కూడా లేదు. ఇక పాఠకులు ఊరుకుంటారా? వీధి చివర గ్రంథాలయంలో ఆదివారం పొద్దున పదిమంది చేరి పొగచూరమ్మ జాతకం రాయడం మొదలుపెట్టారు. మామగారు కూడా అక్కడ చేరాడు.

వాళ్ళలో మందుల షాపులో పనిచేసే అమ్మాయి అందరికంటే ఘనురాలు. సిద్ధాంతాల మీద సిద్ధాంతాలు లేవదీస్తుంది కాబట్టి ఆమెకు సిద్ధాంతి అని పేరు పడింది. పొగచూరమ్మ అసలు మనిషే కాదని, నిప్పుభూతం కూతురని, అందుకే నాలుగు భాగాల్లోనూ ఆవిడ చేతులు కాలినట్టు ఎక్కడా లేదని సిద్ధాంతి లెక్క. ఐదో భాగంలో కన్నతల్లి పిలుపు విని మంటలో కలిసిపోతుంది, ఆ బూడిదే బూడిదకోట. దీనికి నలభై పేజీల నోటుబుక్కు సాక్ష్యం. పక్క వీధి దర్జీ ఇంకో అడుగు ముందుకేశాడు. కాలి బూడిదయ్యాక ఆవిడే కొత్త భూతమై లేచి, తను అన్నం పెట్టిన వాళ్ళనే తింటుందన్నాడు. అంతటితో ఆగక "మంట నన్ను పిలుస్తోంది" అని చొక్కాల వీపు మీద ఎర్రదారంతో కుట్టి పంచిపెట్టాడు.

మామగారు ఒక్కడే ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని ఒత్తులమ్మ వచ్చేసరికి ఆయన ఒంటికాలి మీద లేస్తున్నాడు.

"ఏ వంటమనిషీ మంట నన్ను పిలుస్తోంది అనదయ్యా! మంట మన చెప్పుచేతల్లో ఉండేది. కావాలంటే పెంచుతాం, అక్కర్లేకపోతే ఆర్పేస్తాం. అది మనల్ని పిలవడమేంటి? పిలిచేది వంట. కూర అడుగంటబోయే ముందు ఒక వాసనొస్తుంది, ఎంత దూరంలో ఉన్నా చెయ్యిపట్టి లాక్కొస్తుంది. ఆవిడ పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చింది. 'వంట నన్ను పిలుస్తోంది' అనుంటుంది. అంతే!"

సిద్ధాంతి కిసుక్కున నవ్వింది. "అంటే అచ్చుతప్పంటారా తాతగారూ? ప్రూఫులు చూసింది మీ కోడలే కదా!"

ఆయన కాసేపు చేతికర్ర కొసతో నేల మీద గీతలు గీశాడు. తర్వాత ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"అదీ నిజమేలే. మా కోడలి కంట్లోంచి అక్షరం జారదు. నేనే పొరబడ్డాను."

గుమ్మంలో నిలబడ్డ ఆమె ఆ మాటకు పొంగిపోయింది. ఇరవై ఆరేళ్ళ పనిలో ఓనరు నోట రాని మెప్పు పదిమందిలో మామగారి నోట వచ్చింది మరి. ఇంటిదాకా ఆ సంతోషం నిలిచింది. ఇంటికొచ్చాక ఆయన కుర్చీలో కూలబడి మెల్లగా అన్నాడు:

"అమ్మా, ఐదో భాగం వస్తే నాకు చదవద్దు. ఆవిడ కాలిపోతుంటే నేను వినలేను."

"మీరు అచ్చుతప్పన్నారు కదా మామయ్యా?"

"నిన్ను కాదని నా ముక్కుని నమ్మనా?"

ఆ సాయంత్రం వరండాలో కుర్చీలు వేయలేదు. మర్నాడూ లేదు. ఆయన మళ్ళీ గోడకేసి చూడడం మొదలుపెట్టాడు.

మూడో రోజు ఆమె ప్రెస్సులో పాత కట్టలున్న అలమర తెరిచింది. నాలుగో భాగం కట్ట విప్పి, ఆఖరి పేజీ చేతిరాత తీసింది. రచయిత్రి వ చివర కాస్త సాగదీస్తుంది. మ రాసేటప్పుడు మాత్రం తోకను పైకి గిర్రున తిప్పుతుంది. అదే పేజీలో ఆరు మలు ఉన్నాయి, ఆరింటికీ తోక తిరిగింది. పొగచూరమ్మ ఆఖరి మాటలో ఉన్న ఈ ఒక్కదానికే తిరగలేదు. అది వ. టైపు చేసిన అమ్మాయి మ అనుకుంది. ప్రూఫులో ఆ వాక్యం కిందే ఎర్రసిరా ఉంది: "పిలుస్తోంది"లో జారిపోయిన త ఒత్తు తగిలించి ఉంది. ఒత్తు పట్టుకున్న కన్ను అదే వాక్యంలో తోక మొలిచిన వను వదిలేసింది. పక్కన ఆమె సంతకం, తేదీ.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. తేదీ చూస్తే ఇంకా దిగులేసింది. అది అత్తగారు ఆసుపత్రిలో ఉన్న వారం.

కట్ట తీసుకెళ్ళి ఓనరుకు చూపించింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒత్తులమ్మా, నీకో దణ్ణం. ఊరంతా ఆ మాట చొక్కాలేసుకుని తిరుగుతోంది. ఇప్పుడు అచ్చుతప్పంటే మన మొహాన ఉమ్మేస్తారు. మళ్ళీ అచ్చేసినప్పుడు చడీచప్పుడు లేకుండా మార్చేద్దాం. ఎవరికీ చెప్పకు."

ఆమె తలూపింది. కానీ ఇంట్లో ఉన్న మనిషి ఆ 'ఎవరికీ'లో లెక్క కాదని దారిలో నిర్ణయించుకుంది. చెబితే ఆయన దగ్గర తన కన్నుకున్న విలువ పోతుంది. చెప్పకపోతే తన తప్పును నమ్ముకుని ఆయన తన ముక్కును కాదనుకుంటాడు, మళ్ళీ మూగవాడవుతాడు. రెండోదే ఎక్కువ భయపెట్టింది.

ఆయన అన్నం తింటుండగా చెప్పేసింది. "మామయ్యా, మీరన్నదే నిజం. అది వంటే. నేనే చూసుకోలేదు."

ఆయన తలెత్తాడు. "ఎప్పటి ప్రూఫమ్మా అది?"

ఆమె తేదీ ఒక్కటే చెప్పింది. ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఎత్తితే పోయినావిడ మీదకు తప్పు తోసినట్టవుతుందని ఆమె భయం. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మరో ముద్ద తినకుండా చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. శనివారం దాకా ఆమెతో పొడి మాటలే. నమ్మకం పోయిందని ఆమె అనుకుంది. పోవడం న్యాయమేననీ అనుకుంది.

ఆదివారం ఆయన కర్ర తీసుకుని బయల్దేరితే ఆమె వెనకే వెళ్ళింది. సిద్ధాంతి గోడకు కొత్త పటం అంటించింది. అందులో నిప్పుభూతం వంశవృక్షం, ఆఖరి కొమ్మకు పొగచూరమ్మ. "తాతగారూ, ఇప్పటికైనా ఒప్పుకున్నారు కదా?" అని దర్జీ ఎకసెక్కెమాడాడు. ఆయన కోడలి వంక చూడలేదు. "ఒప్పుకోను," అన్నాడు. ఎందుకని అడిగితే "వంటవాణ్ణి కాబట్టి," అన్నాడు. చేతిలో రుజువు ఉండి కూడా ఆయన బయటపెట్టలేదు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఆ నవ్వు ఆమె భరించలేకపోయింది. లేచి నిలబడి, ఓనరుకు ఊపిన తల సంగతి మర్చిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. వ అన్నది, మ అన్నది, తోక అన్నది, తన ఎర్రసిరా అన్నది. దర్జీ మెల్లగా తన చొక్కా వీపును గోడకు ఆనించుకున్నాడు. సిద్ధాంతి తన నోటుబుక్కును రెండు చేతులా పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇరవై ఆరేళ్ళ అనుభవమంటారు! పుస్తకంలో ఆఖరి మాటండీ! అందరం దాని మీదే బతుకుతున్నాం. అది మీ కళ్ళకెలా కనపడలేదండీ?"

ఆసుపత్రి మాట ఎత్తడానికి ఒత్తులమ్మకు ఇప్పుడూ మనసు రాలేదు. తల దించుకుని నిలబడింది.

వెనక కుర్చీ చప్పుడైంది. మామగారు లేచాడు.

"ఆ వారం మా ఇంట్లో వంట లేదమ్మా," అన్నాడు. "మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఈ పిల్ల పగలంతా ఆ మంచం పక్కన కూర్చుని, ఒళ్ళో ఈ కాగితాలు పెట్టుకుని దిద్దింది. నేను నాలుగు వందల మందికి వండినవాణ్ణి. తొమ్మిది రోజులు ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చున్నాను. నువ్వు తిన్నావా అని ఒక్క పూట అడగలేదు. దీనికి ఇంత అన్నం వండి పట్టుకెళ్ళలేదు. మొన్న తేదీ చెప్పేదాకా ఆ సంగతి నాకు గుర్తే లేదు. ఇంట్లో లేని వంట దీనికి కాగితం మీద ఎక్కడ కనపడుతుంది?"

ఒత్తులమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఏడవని ఏడుపు రెండేళ్ళ తర్వాత పదిమందిలో వచ్చింది. ఆయన వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. సిద్ధాంతి దారి ఇచ్చింది.

వీధిలోకి వచ్చాక కొంతదూరం ఇద్దరూ నడిచారు. కూరగాయల బండి దగ్గర ఆయన ఆగాడు.

"ఏం వండమంటావమ్మా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టి పాతికేళ్ళు దాటినా ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఏమిష్టమో తనకే గుర్తు రాలేదు. ఆయన తొందరపెట్టకుండా, బండి పట్టుకుని నిలబడి, రెండోసారి అడిగాడు.