గచ్చు మీద అందిన బెండు

భీమిలి ఒడ్డున గురువులు ఇంటి ముందు ఇసుకలో రెండు వెదుళ్లు పాతి ఉంటాయి. వాటి మధ్య తాడుకి, వలను తేల్చే బెండు ఒకటి వేలాడుతూ ఉంటుంది. కిందటి నెల నేను వెళ్లినప్పుడూ ఉంది. ఎగిరి అందుకునేవాళ్లే లేరు.

గురువులు సముద్రం మీద చేపల వేటకు పోయే మనిషి. కూతురు పైడితల్లి వాలీబాల్ ఆడేది. స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే పిల్ల బతుకు ఒడ్డున పడుతుందని, సెలెక్షన్లకు ముందు ఆయనే ఆ బెండు కట్టాడు. వేట నుంచి రాగానే, వల దులపకముందే, కూతుర్ని ఎగిరించేవాడు. ఇసుకలో పాదం దిగబడిపోయేది. బెండు అందేది కాదు.

"ఇసకలో తక్కువే ఎగురుతుంది గురువులూ, అది చూసి కంగారుపడకు. గట్టినేల మీద ఎప్పుడో ఒకసారి ఎగిరితే చాలు," అంది బడిలో ఆటలు నేర్పే అనూరాధ.

ఆయన కంగారుపడ్డాడు. చేపలు ఎండబెట్టే సిమెంటు గచ్చు మీదికి మార్చి, అంతే ఎత్తున కట్టాడు. మొదటిరోజే పిల్ల వేళ్లు బెండుకు తగిలాయి. పక్కింటి వీరన్నను పిలిచి చూపించాడు.

"సూసేవా బావా? ఇన్నాళ్లూ కాలుని ఇసకలో పాతీసినాం."

"ఎగిరింది నువ్వైనట్టు సెప్తన్నావేటి," అన్నాడు వీరన్న.

ఇక రోజూ గచ్చు మీదే. అందినకొద్దీ బెండు పైకి జరిగేది. నా తిరుగుళ్లలో కుస్తీ గోదాలు చూశాను. పట్టు పట్టేముందు మట్టిని తవ్వి మెత్తన చేస్తారు, పడబోయే ఒంటిని తలచుకుని. పైడితల్లి దిగినప్పుడల్లా గచ్చు దడేల్మనేది. ఆ చప్పుడు వింటే గురువులుకు హుషారుగా ఉండేదట.

మోకాలి కింద నొప్పంటే పసుపు పట్టు వేశాడు. తీరా సెలెక్షన్ల వారంలో, ఎముక సన్నగా చిట్లిందని డాక్టరు కట్టు కట్టాడు. మరుసటి ఏడాదికి పిల్లకు వయసు దాటిపోయింది.

పైడితల్లి ఇప్పుడు అచ్యుతాపురంలో గది తీసుకుని మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. షిఫ్టంతా నిలబడే పని. నేను వెళ్లిన రోజు సెలవుకు ఇంటికొచ్చి, అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది.

"నన్నొక్కసారైనా తిట్టదు బాబూ," అన్నాడు గురువులు నాతో, మెల్లగా.

పిల్ల కాలి కట్టు విప్పిన రోజునే ఆయన బెండును మళ్లీ ఇసుకలోకి తెచ్చి, పాత ఎత్తునే కట్టాడట.

"ఇంకెవులు ఎగురుతారు నానా, తీసీ," అంది పైడితల్లి అరుగు మీంచే. "ఎండకి పాడైపోతాది."

"పాడైతే ఇంకోటి కడతాను," అన్నాడు గురువులు.