ఎందుకో చెప్పని నకలు

‘ఎందుకు’ అన్నది సమాచారం కిందికి వస్తుందా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. సమాచార హక్కు చట్టం ప్రకారమైతే రాదు. ఆఫీసులో ఉన్న కాగితానికి నకలు అడగవచ్చు. ఎప్పుడు మార్చారు, ఎవరు సంతకం పెట్టారు అని అడగవచ్చు. ఎందుకు మార్చారని అడిగితే మాత్రం దరఖాస్తు తిరిగి వస్తుంది. ఆ ఒక్క మాటే తెలుసుకోవాలనుకున్న మనిషి ఈమధ్యే వెళ్లిపోయింది. మా పెద్దమ్మ. మా బాపుకు, అంటే నాన్నకు, వదిన.

చేవెళ్లలో బస్సు కోసం నిలబడి ఉంటే బాపు ఫోన్ చేశాడు. “వదినె లేస్తలేదు బిడ్డా” అన్నాడు. నేను దవాఖాన అంటూ ఏదో మొదలుపెట్టాను. “వద్దు. ఇగ లేవదు” అన్నాడు. ఆ తర్వాత ఫోన్ పెట్టేయడం మర్చిపోయాడు. నేనూ పెట్టేయలేకపోయాను.

చిన్న మంగళారం అనే పల్లెకు కాస్త అవతల మా ఊరు. మా ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ నడుమ ఒకటే గోడ. పెద్దబాపు చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఆయన వాటా భూమికి పెద్దమ్మ పేరు ఎక్కింది. సాగు మాత్రం రెండిళ్లదీ కలిసే నడిచింది. నాట్లు, నీళ్లు, కూలీల వెంట తిరగడం పెద్దమ్మ పని. పటేలు దగ్గర, బ్యాంకు దగ్గర కాగితాల పని బాపుది. ఎవరూ అనుకుని పంచుకున్నది కాదు, అట్లా నడిచిపోయింది.

కొత్త పాసుపుస్తకాలు పంచిన రోజున పెద్దమ్మ పేరు పిలవలేదు. మొత్తం భూమి బాపు పేరు మీదే వచ్చింది. “ఆఫీసోళ్ల తప్పై ఉంటది. పోయి అడుగుదాం తీ” అన్నాడు బాపు. అడగలేదు. పెద్దమ్మ కూడా రెట్టించలేదు. పంట సంచులు ఎప్పటిలాగే ఆమె ఇంట్లో దిగాయి. కూర గిన్నె ఎప్పటిలాగే గోడ మీద నుంచి మా ఇంటికి వచ్చింది. బాపు తిని, “ఉప్పు జర ఎక్కువైంది వదినె” అని గోడ మీద నుంచే కేకేసేవాడు. “ఉప్పు తిన్నోళ్లకు యాదికుండాలె గదా” అనేది ఆమె. ఇద్దరూ నవ్వేవారు. ఆ నవ్వులో ఏముందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఒక రోజు పెద్దమ్మ మొయినాబాద్‌లో నేనుండే కిరాయి ఇంటికి వచ్చింది. మంచినీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, “ఆఫీసుకు కాగితం పెట్టాలె. నువ్వే రాయి, పెద్ద చదువు చదివినవ్” అన్నది.

“బాపునే అడుగరాదు పెద్దమ్మా?”

“ఆయన నోటితోని చెప్తే ఇగ నేనేడ కూసోవాలె? పొద్దుగాల లేస్తే ఆ మొకమే సూడాలె. కాగితం చెప్పిందనుకో, కాగితం మీద కోపం చేస్త.”

“భూమి తిరిగి కావాలా?”

“ఏం జేసుకుంట? కడుపుకు తక్కువ లేదు బిడ్డా. నా పేరు మర్చిపోయి తీసిండ్రా, తెలిసే తీసిండ్రా, గంతే చెప్పుమను.”

అదే రాశాను. “నా పేరు ఎందుకు తీసివేశారో తెలుపగలరు” అని. ఆమెకు వచ్చిన రాత తన పేరొక్కటే. చివర్లో ఆ పేరు నొక్కి నొక్కి రాసింది. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: అడిగినది సమాచారం నిర్వచనంలోకి రాదు.

తర్వాత నేను నేర్చుకున్నాను. సర్వే నంబరు రాయాలి. ఏ భూమి ఎవరిదో ఏటేటా రాసే పహాణీల నకళ్లు ఏయే సంవత్సరాలవి కావాలో రాయాలి. పేరు మార్చిన ఉత్తర్వు ప్రతి ఇవ్వమని రాయాలి. ఎందుకు, ఎట్లా, న్యాయమేనా లాంటివి కొట్టేయాలి. అన్నీ కొట్టేసి ఆమెకు చదివి వినిపించాను. “మంచిగున్నది. గని గిండ్ల నా ముచ్చటేది?” అని అడిగింది.

ఏ ఆఫీసో పేరు రాయను. ఏ ఆఫీసుకు పోయినా ఆ బెంచీ, ఆ బీరువా, “సారు మీటింగుల ఉన్నడు” అన్న మాట ఉంటాయి. పెద్దమ్మ ఎప్పుడు వెళ్లినా గుడ్డ సంచిలో కొత్తిమీర తీసుకుపోయేది, తన మడిలోదే. నేను వద్దనేదాన్ని.

“ఎవలింటికన్న చేతులూపుకుంట ఎట్ల పోతం?”

“అది ఇల్లు కాదు పెద్దమ్మా.”

“మనుషులు కూసున్నరంటే ఇల్లే.”

పాత గుమాస్తాలు నవ్వుతూ తీసుకునేవారు. కొత్తగా వచ్చిన అధికారి మండిపడ్డాడు. “లంచం తెచ్చినవా? కేసు పెట్టిస్త ఏమనుకున్నవో!” అన్నాడు. గదిలో అందరూ తలలెత్తారు.

“కొత్తిమీరకు కేసా కొడుకా? పచ్చడి నూరుకో. కాదంటే బర్రెకెయ్యి. గని నా కాగితం ఎతుకు.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వు ఆపుకున్నాడు. సంచిని మాత్రం బయట మెట్ల మీద పెట్టించాడు. మేము బయటికి వచ్చేసరికి ఎండకు ఆకు వాలిపోయింది. తర్వాతిసారి ఆమె ఉత్త సంచి పట్టుకొచ్చి ఆయన ముందు దులిపి చూపించింది. “భయపడకు కొడుకా, ఏం లేదు” అన్నది. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆ సంచిని మడిచి కొంగు చాటున దాచుకుంది. ఉత్త చేతులతో వెళ్లినందుకు ఆమెకు అంత సిగ్గయింది.

జవాబులు వచ్చేవి. రికార్డు శిథిలంగా ఉంది. మీ దరఖాస్తును వేరే ఆఫీసుకు పంపాము. వెతుకుతున్నాము. ఈ చివరిది వచ్చినప్పుడు పెద్దమ్మ అన్న మాట మరిచిపోలేను. “సచ్చిపోయిండంటే ఏడ్వొచ్చు. ఎతుకుతున్నమంటే ఏం జెయ్యాలె?”

నేను ఊరికి వెళ్లిన ప్రతిసారీ బాపు అడిగేవాడు. “ఆఫీసుల ఏమన్నరు?”

“ఎతుకుతున్నరంట.”

“ఊఁ.”

అంతకు మించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఊళ్లో రాయగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దమ్మ వాళ్లను కాదని ఆయన కూతురి దగ్గరికే ఎందుకు వచ్చింది? నమ్మకమా? నా చేత రాయిస్తే ఆ ప్రశ్న గోడ దాటి ఆయనకు చేరుతుందనా? ఇది కూడా ఆమెను అడగలేదు. అడగకుండా బతకడం మా రెండిళ్లలో అందరికీ బాగా వచ్చు.

చివరికి పహాణీ నకళ్లు వచ్చాయి. ఒక సంవత్సరం ఆమె పేరు ఉంది. మరుసటి సంవత్సరం అదే గడిలో బాపు పేరు ఉంది. పేరు మార్చిన ఉత్తర్వు గురించి ఒకే వాక్యం: సదరు ఫైలు లభ్యం కాలేదు.

“ఏ యేడు బిడ్డా అది?”

చెప్పాను. పెద్దమ్మ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. “నువ్వు యూనివర్సిటీల చేరిన యేడే గదా” అన్నది.

అవును. ఆ ఏడే నా చదువు కోసం బాపు భూమి మీద బ్యాంకులో అప్పు తీశాడు. ఆ అప్పు కోసమే భూమంతా ఒక్క పేరు మీదికి తెచ్చాడా? లేక ఆఫీసులో పహాణీ రాసేవాడే, ఇంట్లో మగమనిషి ఉండగా ఆడమనిషి పేరెందుకనుకుని మార్చేశాడా? రెండూ మా దగ్గర జరిగేవే. కాగితం రెండింటికీ ఒకేలా ఉంటుంది.

పెద్దమ్మ నకలు మీద తన పేరున్న చోట వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నా ముఖంలోకి చూసి, “మంచిగనే చదివినవ్ గదా?” అన్నది.

తల ఊపాను. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి నాకేదైనా దొరికేది. ఆమె లేచి అన్నం పెట్టింది. కొన్నాళ్లకు తనే ఫోన్ చేసి, “పైన అప్పీలంటరు గదా, గది గూడ ఎయ్యి” అన్నది. వేశాను.

ఆమెకు తలకొరివి పెట్టింది బాపే. పదో రోజున పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడ్డాడు. కాకి చాలాసేపు రాలేదు. చుట్టాలు గుసగుసలాడారు. ఎవరో ఆయన చెవిలో, “ఏదన్న మొక్కుకోరాదే” అన్నారు. బాపు పెదవులు కదిలాయి. ఏమన్నాడో దగ్గరే ఉన్న నాకు కూడా వినిపించలేదు. కాకి వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మాత్రం అక్కడే నిలబడిపోయాడు.

మరణ ధ్రువపత్రం తొందరగానే వచ్చింది. ఆమె పేరు మీద మేము అడిగిన కాగితాల్లో సతాయించకుండా ఇచ్చింది అదొక్కటే.

మొన్న పెద్దమ్మ పేరున ఇంకో ఉత్తరం వచ్చింది. అప్పీలు విచారణకు స్వయంగా హాజరు కావాలని. పోస్టు తెచ్చినతని దగ్గర బాపే సంతకం పెట్టి తీసుకున్నాడు. తెరిచి చదివినట్టే ఉన్నాడు. నా చేతికిచ్చి, “పోతవా?” అన్నాడు.

నేను ఉత్తరంలో తారీఖు వెతికి చూశాను.

“పోవాల్నంటే పో. ఉత్త చేతుల పోకు.”

ఆ విచారణ రేపు. ఇది రాస్తూ నేను ఊళ్లోనే ఉన్నాను. అడగవలసిన మనిషి ఇదే ఇంట్లో, పక్క గదిలో దగ్గుతున్నాడు. వెళ్లి అడిగితే అయిపోతుంది. అడిగితే, పెద్దమ్మ ఇన్నేళ్లు తిరిగి తిరిగి కాపాడుకున్నదాన్ని నేను ఒక్క మాటతో పోగొడతానేమో. అడగకపోతే, ఆమె పేరును నేను కూడా ఇంకోసారి తీసేసినట్టవుతుందేమో. ఆమె లేకుండా ఆ ఆఫీసుకు వెళ్లి ఆమె తరఫున ఏమని చెప్పాలో తెలియదు. వెళ్లాలో, పక్క గదిలోకి నడవాలో, రెండూ మానుకోవాలో నేనింకా తేల్చుకోలేదు.

సాయంత్రం బాపు పెద్దమ్మ మడిలోకి వెళ్లి కొత్తిమీర పీక్కొచ్చాడు. వేర్ల మట్టి కడిగి, కట్ట కట్టి, గోడ మీద కూర గిన్నె పెట్టే చోట పెట్టాడు. ఎవరూ తీయలేదు. ఆ కట్ట నుంచి గోడకు రెండు వైపులా నీళ్లు కారుతున్నాయి.