చెరపని పెన్సిల్ చుక్క

సార్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున హ్యాంగర్‌లో ఉండగా వచ్చింది. ఒక విమానం ఇంజిన్ పని అప్పుడే పూర్తయింది, సంతకం కోసం పుస్తకం నా ముందు తెరిచి ఉంది. ఫోన్ చూసి, పెన్నుకు మూత పెట్టి పక్కకు జరిగాను. ఈ సంతకం నేను పెట్టలేనన్నాను. పనంతా మళ్లీ మొదటి నుంచి చూసి వేరే ఇంజినీరు సంతకం పెట్టాడు.

చైతన్యపురిలో చెప్పుల దుకాణం పైన రెండు గదులు. హ్యాంగర్‌లో డ్యూటీ దిగి వచ్చి, విమానాలు బాగుచేసేవాళ్ల లైసెన్సు పరీక్షలకు సార్ అక్కడ పాఠాలు చెప్పేవారు. నల్లగొండ పక్క ఊరి నుంచి వచ్చిన నేను లైసెన్సు అంటే అందరికీ ఒకటే అనుకున్నాను. మొదటి రోజే ఆయన నవ్వారు.

“డ్రైవింగ్ లైసెన్సు అనుకున్నవా ఏంది? గిందుల కేటగిరీలుంటయి. ‘ఏ’ అంటే చిన్న పనులు, నువ్వు చేసినదానికే నువ్వు సంతకం పెడ్తవు. ‘బీ టూ’ అంటే కరెంటు, రేడియో, మీటర్లు. ‘బీ వన్’ అంటే ఇంజిన్, రెక్కలు, చక్రాలు. దాంట్ల పరేషాన్ ఏందో ఎరుకనా? వేరేటోడు చేసిన పనికి గూడ నువ్వే జవాబు చెప్పాలె.”

నాకు ‘బీ వన్’ కావాలన్నాను. ఊళ్లో ట్రాక్టర్ ఇంజిన్ విప్పి బిగించినవాడిని, నాకేం భయం!

పాఠానికి ముందు ఆయన జేబులు ఖాళీ చేసి అన్నీ బల్ల మీద పెట్టేవారు, మాతోనూ పెట్టించేవారు. “జేబుల ఉన్నది ఏదో ఒకనాడు ఇంజిన్ల పడ్తది” అనేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలకు పోయినా జేబులు తడుముకుంటారని మేం ఆటపట్టిస్తే ఆయనా నవ్వేవారు.

పరీక్షలు పాసైతే సరిపోదు. హ్యాంగర్‌లో ఏళ్ల తరబడి చేసిన ప్రతి పనినీ ఒక పుస్తకంలో లైను లైనుగా రాయాలి. ప్రతి లైను పక్కన లైసెన్సు ఉన్న మనిషి సంతకం ఉండాలి. మా పుస్తకాల జిరాక్సులు సార్ తన దగ్గర పెట్టుకునేవారు. మేం చేస్తుండగా తాను కళ్లారా చూడని పని పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. చూసిన రోజున రబ్బరుతో ఆ చుక్క చెరిపి, అప్పుడే అసలు పుస్తకంలో సంతకం పెట్టేవారు.

నాకు ఒకే ఒక్క లైను మిగిలింది. ఇంజిన్ లోపలికి సన్నని కెమెరా గొట్టం దింపి బ్లేడ్లకు పగుళ్లున్నాయేమో చూసే పని అది.

“చేసినవా?”

“అక్కడనే ఉన్న సార్. లైటు పట్టిన.”

“లైటు పట్టినవు. బ్లేడ్లు చూసిందెవరు?”

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకోబోయాను.

“మళ్లొక ఇంజిన్ వచ్చినప్పుడు నువ్వే చూడు. సంతకం చేతితోని కాదురా, కండ్లతోని పెడ్తం.”

ఇంకో ఇంజిన్ రావాలంటే ఎన్ని నెలలో! ఊరొదిలి వచ్చి ఎల్బీనగర్‌లో ఆటో నడిపే మా నాన్న, కొడుక్కి లైసెన్సు వచ్చేసినట్టే స్టాండంతా చెప్పుకున్నాడు. మొండి మనిషి అని సార్‌ను లోపల్లోపలే తిట్టుకున్నాను. అదే హ్యాంగర్‌లో ఇంకో ఇంజినీరు, చాయ్ తాగుతూ ఒక్కమాట అడక్కుండా ఆ లైనుకు సంతకం పెట్టేశాడు. లైసెన్సు వచ్చింది. సిగ్గు లేకుండా సార్‌కు మిఠాయి పట్టుకుపోయాను. ఒక ముక్క తీసుకున్నారు.

“ఆ లైను ఏమైందిరా?”

“అయిపోయింది సార్. నేనే చూసిన.”

“మంచిగైంది. ఒకసారి పుస్తకం పట్కరా, నా కాగితం మీది చుక్క చెరుపుదాం.”

నేను పట్టుకుపోలేదు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. “ఎట్లున్నవురా? పుస్తకం తేకపోతివి” అనేవారు, అంతే. కొన్నాళ్లకు ఆయన ఫోన్ ఎత్తడం మానేశాను. ఆ తర్వాత ఎన్ని ఇంజిన్లలోకి చూశానో లెక్కలేదు. అయినా ఆ రోజు చూడలేదు కదా! మొన్న ఆయన దవాఖానాలో ఉన్నప్పుడు రెండుసార్లు ఫోన్ మోగింది. పేరు చూసి జేబులో పెట్టుకున్నాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా!

పదో రోజున మన్సూరాబాద్‌లో వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య లోపలి నుంచి ఒక ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

“అందరి కాగితాల మీది చుక్కలు చెరిపిండు బిడ్డా, నీదొక్కటే మిగిలింది. నీకు సంతకం పెట్టినాయన అప్పుడే ఇంటికొచ్చి తప్పైందని చెప్పిండు.”

“అంటే... సార్‌కు ఎరుకేనా అమ్మా?”

“మొదటి సంది ఎరుకే. లైసెన్సిచ్చెటోళ్లకు రాయాల్నని ఎన్నిసార్లు కూసున్నడో! రాయలే. ‘వాడే వస్తడు, వాడే చెప్తడు’ అనుకుంట ఉన్నడు. దవాఖానల గూడ నీకే ఫోన్ చేయమన్నడు.”

గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు.

ఆ లైను అబద్ధమని లైసెన్సు ఇచ్చినవాళ్లకు నిన్న రాసిచ్చాను. మీరిది చదివేసరికి నాకు సంతకం పెట్టే హక్కు ఉంటుందో లేదో తెలియదు. సార్‌కు చెప్పాల్సింది ఇలా మీకు చెప్పుకుంటున్నాను.

ఆయన దాచిన కాగితం నా ముందుంది. లైను పక్కన చుక్క అలాగే ఉంది. ఫైలు జేబులో, నేను వస్తానని ఆయన కొని పెట్టిన రబ్బరు ఉంది. దాని మూలలు ఇంకా అరగలేదు.