లారీ కంపెనీ మీద డిక్రీ

ధర్మవరంలో మా ఆయన సావుకారి మగ్గాల కొట్టంలో కూలికి నేసేవాడు. పెండ్లయిన కొత్తలో ఆయనకున్న ఆశ ఒకటే. సొంతంగా పట్టు కొనాలి, సొంతంగా నేయాలి, తన చీర తానే అమ్ముకోవాలి. యాభైల చివర్లో నా కమ్మలు, మా అత్త వెండి కడియాలు తాకట్టు పెట్టి పట్టూ జరీ తెచ్చుకున్నాము. ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నాము. నేను కండెలు చుట్టిచ్చేదాన్ని, ఆయన నేసేవాడు. హిందూపురంలో ఒక గుడ్డల అంగడాయన పెండ్లిండ్ల కాలానికి చీరలు కావాలన్నాడు. సరుకు చేరగానే దుడ్లు చేతిలో పెడతానన్నాడు.

చీరలు తయారయినాక మూట ఎత్తుకుని రైల్లో ఆయనే పోవాల్సింది. సరిగ్గా అప్పుడే విడవని జ్వరం పట్టుకుంది ఆయనకు. అంగడాయన తొందర పెడుతున్నాడు. మా ఊళ్ళో ఒక పెద్ద లారీ కంపెనీ కొత్తగా ఆఫీసు తెరిచింది. మద్రాసు, బెంగుళూరు, బొంబాయి అన్ని తావులకూ దాని లారీలు తిరిగేవి. "అంగడి గడప కాడికే చేరుస్తాము" అన్నారు ఆఫీసులో. జ్వరంతోనే పోయి మూట అప్పగించి వచ్చినాడు.

ఆ మూట మీద శనగనూనె టిన్నులు పేర్చినారంట. దోవలో ఒక టిన్ను పగిలింది. హిందూపురంలో మూట విప్పితే ఒక్క చీర కూడా మిగల్లేదు. పట్టుకు నూనె పడితే ఇంకేముంటుంది! అంగడాయన ముట్టుకోకుండానే తిప్పి పంపినాడు. జ్వరం తగ్గీ తగ్గకముందే మా ఆయన మూట దిగిన హిందూపురం ఆఫీసుకు పోయినాడు. అక్కడి గుమాస్తా రసీదు వెనక్కి తిప్పి, ఇంగ్లీషులో ఉన్న సన్న అక్షరాల మీద వేలు పెట్టినాడంట. "సరుకుకేమైనా అయితే కంపెనీకి సంబంధం లేదని ఈడ రాసుండాదప్పా. నన్నడిగితే నేనేం జేసేది?"

ఇరుగు పొరుగు వదిలెయ్యమన్నారు. మా ఆయన వదల్లేదు. పెనుకొండ కోర్టులో ఒక ప్లీడరును పట్టుకుని చిన్న దావా వేసినాడు. వాయిదా ఉన్నప్పుడల్లా మగ్గం ఆపి రైలెక్కేవాడు. స్టేషన్ నుంచి కోర్టు దాకా జట్కాకు ఇవ్వలేక ఎండలో నడిచేవాడు. వాయిదాకు కంపెనీ తరఫున ఒకసారి వస్తే మూడుసార్లు రాకపోయేవాళ్ళు. సాక్షిగా నన్ను కూడా పిలిచినారు. చీరలు చూపించి "ఇవి మీరు నేసినవేనా?" అని జడ్జీగారు అడిగితే తలూపినాను. నోటితో చెప్పాలమ్మా అన్నాడాయన మెత్తగానే. "మావే సామీ" అన్నాను.

తీర్పు మాకే వచ్చింది. రసీదు వెనక రాసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరన్నారు. చీరల ఖరీదు, దావా ఖర్చులు కంపెనీ కట్టాలన్నారు. ఆ పొద్దు మా ఆయన నాకు మల్లెపూలు, మా అత్తకు బొరుగుల ఉండలు తెచ్చినాడు. గడప దాటకముందే "గెలిచినాం మ్మే! ఆ కంపెనీని మనం గెలిచినాం" అని కేకేసినాడు. ఆయన్ను అంత సంతోషంగా నేను ముందెప్పుడూ చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

కంపెనీ వాళ్ళు మనియార్డరు పంపుతారనుకున్నాము. కోర్టు చెప్పినాక ఇవ్వకుండా ఎట్లుంటారు అని మా నమ్మకం. పోస్టుమాను మా వీధిలోకి వస్తే మగ్గం చప్పుడు ఆగేది. చలికాలం పోయింది, ఎండలొచ్చినాయి. చివరికి ప్లీడరును అడిగితే ఆయన నవ్వినాడు.

"డిక్రీ అంటే దుడ్డు కాదప్పా. వాళ్ళంతట వాళ్ళు ఇయ్యకపోతే మనమే జప్తు చేయించి రాబట్టుకోవాల. దానికి ఇంకో పిటిషన్."

"అంటే కోర్టు ఇప్పియ్యదా సామీ?"

"ఇప్పిస్తాది. వాళ్ళ సొత్తు యాడుండాదో నువ్వు చూపిస్తే ఇప్పిస్తాది."

పిటిషన్ వేసి, కోర్టు అమీనాకు బత్తా కట్టి, హిందూపురం పోయినాము. జప్తు చేసేది ఆ అమీనానే. వయసు మళ్ళిన మనిషి, మాట నెమ్మది. ఒక్కడినే పోతే గుమాస్తా ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపుతాడని మా ఆయన నన్ను కూడా తీసుకుపోయినాడు. అమీనా కోర్టు కాగితం చదివి ఆఫీసంతా ఒకసారి కలయజూసినాడు. బల్ల, కుర్చీలు ఇంటి ఓనరువంట, బాడుగకు ఇచ్చినాడంట. కాటా పక్క మండీ వాళ్ళదంట. ఇనప్పెట్టె తెరిస్తే చిల్లర కూడా లేదు. వచ్చిన దుడ్లు ఏ రోజువి ఆ రోజే మద్రాసుకు పంపేస్తారంట. ఇల్లు ఒకవేళ వాళ్ళదే అయినా చిన్న దావా డిక్రీ కింద నేరుగా ఇంటి జోలికి పోలేమని ప్లీడరు ముందే చెప్పినాడు. మిగిలింది గోడకు ఆనించిన సైకిలు.

అమీనా దాని మీద చెయ్యేసినాడు. గుమాస్తా పరుగున వచ్చి రెండు చేతులా హ్యాండిలు పట్టుకున్నాడు.

"అన్నా, ఇది కంపెనీది కాదన్నా. నా సైకిలు. మా మామ ఇచ్చింది. మూడు నెలలనుంచి నాకే జీతం ఇయ్యలేదు వాళ్ళు."

అమీనా మా ఆయన దిక్కు చూసినాడు. "కంపెనీ ఆఫీసులో ఉండాది కాబట్టి ఎత్తమంటే ఎత్తుతా. ఏమంటావప్పా?"

మా ఆయన గుమాస్తా దిక్కు చూసినాడు. రసీదు తిప్పి చూపించింది ఆ గుమాస్తానే. ఆ మనిషి మొహం చూస్తే ఇప్పుడు ఏడ్చేటట్టున్నాడు. "వద్దు సామీ. వదిలెయ్యండి" అన్నాడు మా ఆయన. కట్టిన బత్తా పోయింది.

సొత్తంటే లారీలే గదా అన్నాడు ప్లీడరు. మళ్ళీ పిటిషన్. ఈసారి మా ఆయన హిందూపురంలోనే ఉండిపోయి, చింతపండు మండీల ముందర పడుకుంటా, కంపెనీ పేరున్న లారీ కోసం కాచుకున్నాడు. లారీ వచ్చి సరుకు దింపుతాంటే అమీనాను తీసుకొచ్చి జప్తు చేయించినాడు. దాన్ని పెనుకొండకు తోలుకొచ్చి కోర్టు కాంపౌండులో నిలబెట్టినారు. దానికి కాపలా మనిషి కూలి కూడా మేమే కట్టాల. అయినా అప్పు చేసి కట్టినాము. అంత పెద్ద లారీ వాళ్ళ చేయి జారిపోతుంటే ఊరుకుంటారా, పరుగెత్తుకొచ్చి కట్టేస్తారు అనుకున్నాము.

వాళ్ళు పరుగెత్తుకొచ్చినారు, దుడ్లతో కాదు, కాగితాలతో. మద్రాసు నుంచి పెద్ద వకీలు వచ్చినాడు. లారీ పక్కన కంపెనీ పేరు రాసుందేగానీ, లారీ కంపెనీది కాదంట. మద్రాసులో ఉండే ఒకామె పేర రిజిస్టరయిందంట. ఆమె దాన్ని కంపెనీకి బాడుగకు తిప్పుతుందంట. ఆమె ఎవరని మా ప్లీడరు విచారిస్తే కంపెనీ యజమాని భార్య. ఆమెదంటే ఆయనదే గదా అని మాకు ఇంకా ధైర్యమొచ్చింది. అయితే జడ్జీగారు భర్త అప్పుకు భార్య సొత్తు పట్టుకోలేరన్నారు. ఆమె క్లెయిము ఒప్పుకుని లారీ వదిలేయమన్నారు. ఆమె లారీని ఆపించి నష్టపెట్టినందుకు ఆమె ఖర్చులు మేము కట్టాలన్నారు.

మా ఆయనకు ఆ మాట ఎక్కలేదు. కోర్టు వసారాలో ప్లీడరును మళ్ళీ మళ్ళీ అడిగినాడు. "మేము కట్టాల్నా? వాళ్ళు మాకు కట్టాల గదా సామీ?"

"అది వేరే, ఇది వేరే. కావాలంటే డిక్రీని మద్రాసు కోర్టుకు బదిలీ చేయించుకో. వాళ్ళ హెడ్డాఫీసు ఆడుండాది గదా."

"మద్రాసులో మాకెవరున్నారు సామీ? ఆ ఊరే మేము చూడలేదు."

మా డిక్రీ మాకేమీ తెచ్చిపెట్టలేదు గానీ, ఆమె ఖర్చుల కోసం మాత్రం మా గడపకు జప్తు తొందరగానే వచ్చింది. వచ్చింది ఆ అమీనానే. లోపలికి రాలేక గడప బయటే నిలబడినాడు. మజ్జిగిస్తే తాగలేదు. నేసుకుని బతికేవాళ్ళ మగ్గం చట్టం ముట్టనీదు, వంట పాత్రలూ ముట్టనీదు అని తానే చెప్పినాడు. మా ఇంట్లో ఇంకేముంది గనక. కానీ మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. నెమలికంఠం రంగు. అది వదలొచ్చునని ఏ కాగితంలోనూ లేదంట.

"నేను కొయ్యలేనప్పా. నువ్వే కోసియ్యాల" అన్నాడు అమీనా తల దించుకుని.

మా ఆయన పడుగు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. నేను అడ్డం పోయి పొద్దు గూకే దాకా ఆగమని దండం పెట్టినాను. అమీనా ఎదురింటి అరుగు మీద పోయి కూర్చున్నాడు. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా సావుకారి ఇంటికి పోయినాడు. పాత సావుకారే. కూలి మీద ముందుగా బయానా ఇమ్మని అడిగినాడు. ఆ బయానా తీరేదాకా ఇంకెవరికీ నేయకూడదు, సొంతానికి అసలే నేయకూడదు అని వేలిముద్ర పెట్టించుకుని దుడ్లిచ్చినాడు. దాంతో ఆమె ఖర్చులు కట్టేసినాము. సగం నేసిన చీరను ఆయన పూర్తి చేసినాడు, సావుకారి లెక్కలో.

బయానా తీరలేదు. తీరేదీ కాదు. కొట్టంలో నేసిన కూలిలో వడ్డీకి పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు సావుకారి. మా అత్త తన కడియాలు మళ్ళీ చూడకుండానే పోయింది. చివరి రోజుల్లో కొడుకును అడగడం మానేసి నన్ను అడిగేది, "కోర్టోళ్ళు ఏమన్నా పంపినారా?" అని. ఇంకా లేదత్తా అనేదాన్ని.

అరవైలు వచ్చి కొన్నేండ్లయినాక ఎవరో చెప్పినారు, ఆ కంపెనీ యజమాని బెంగుళూరులో బంగళా కట్టినాడని, ఇప్పుడు పట్టుకుంటే ఇస్తాడని. మా ఆయనకు పోవాలని లేదు. నేనే బలవంతం చేసి పెనుకొండకు తీసుకుపోయినాను. ప్లీడరు ముసలివాడయినాడు. మా కట్ట వెతికి తీసి, కళ్ళజోడు పెట్టుకుని చూసినాడు.

"చివరి పిటిషన్ పోయినాక గడువులోగా ఇంకోటి వేసుండాల. వేయలేదు మీరు. గడువు దాటిపోయిందమ్మా."

"అంటే?"

"ఆ డిక్రీ ఇంక పనికిరాదు."

నాకు తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. మా ఆయన మాత్రం "సరే సామీ" అని నమస్కారం పెట్టి లేచినాడు. స్టేషన్లో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాము. ఆకలవుతుందా అంటే లేదన్నాడు. బండి వచ్చి నిలబడింది. జనం దిగినారు, ఎక్కినారు. ఆయన లేవలేదు. చూపు పట్టాల మీదే ఉంది. "లెయ్యయ్యా, బండి పోతాది" అని చెయ్యి పట్టి లాగినాను. అంత సన్నగా ఉంటుందనుకోలేదు ఆ చెయ్యి. ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టినాను. మర్నాడు తెల్లారకముందే సావుకారి మగ్గాల కొట్టానికి పోయినాడు.