విరుదునగర్‌లో ముందు వరుస

నవ్వించే పనిలోకి నేను అరవై దాటాక వచ్చాను. అంతకుముందు తమిళనాడులోని కోవిల్పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని. పని మానే రోజున వీడ్కోలు సభలో మైకు ఇచ్చారు. మాట్లాడితే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పటినుంచి చర్చి పండగలకీ పెళ్లి విందులకీ కాలేజీలకీ ఎవరు పిలిచినా వెళ్తున్నాను. బూతు ఉండదు. ఎవరి రంగూ లావూ కులమూ ఎత్తను. ఏ జోకు ఎక్కడ ఏ తేదీన చెప్పానో రాసిపెట్టుకుంటాను, విన్నవాళ్లకే మళ్లీ వడ్డించకూడదు కదా.

కోవిల్పట్టి దాటి మొదటి పిలుపు విరుదునగర్ నుంచి వచ్చింది, ఒక నూలు మిల్లు వార్షికోత్సవానికి. ఓనర్లు టీవీ మిమిక్రీ బృందం కావాలన్నారట. పిల్లలు కూర్చునే చోట ఆ డబుల్ మీనింగ్ మాటలెందుకని వాదించి అక్కడి మేనేజరమ్మ నన్ను పిలిపించింది. సాత్తూరు, కయత్తారుల్లోని తమ మిల్లులకు కూడా నన్నే పిలవాలో లేదో ఆ సాయంత్రం చూసి తేలుస్తామన్నారు. బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను.

ముందు వరుసలో ఓనరు కుటుంబం, పాస్టరుగారు. వెనకంతా కార్మికులు, వాళ్ల పిల్లలు. తమిళంలో మొదలుపెట్టాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, మావాళ్లందరి పద్ధతీ అంతే. మొదటి జోకుకు ఎవరూ నవ్వలేదు. రెండోదానికి పాస్టరుగారు మర్యాదకు నవ్వారు. ఓనరుగారి తల్లి నవ్వితే తప్ప వెనకవాళ్లు నవ్వరని అర్థమైంది. మేనేజరమ్మ చేతిరుమాలు నలుపుతోంది.

అప్పుడు ఆ పెద్దావిడ కోడలి వైపు వంగి తెలుగులో అంది:

“ఈయమ్మ ఎప్పుడు ముగించేది, మనకు ఎప్పుడు కూడు పెట్టేది?”

పక్కవాళ్లకు తెలియకూడదనుకుంటే మేం తెలుగులోకి దిగుతాం. బస్సుల్లో నేనూ అదే చేస్తాను. ఆమెను చిన్నబుచ్చకూడదు, అలాగని ఊరుకోనూ లేను. నేనూ మైకులో తెలుగులోనే అన్నాను.

“నాకూ ఆకలిగానే ఉండాది అక్కా. సాంబారు ఇంకా ఉడకలేదంట. అది ఉడికేదాకా నిన్ను కూర్చోబెట్టేదానికే నన్ను పిలిచినారు.”

నవ్వు వెనకనుంచి లేచింది, నేను అనుకోని చోటునుంచి. పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం ఆగలేదు. తెలుగు రానివాళ్లు పక్కవాళ్లను అడిగి తెలుసుకుని రెండో విడత నవ్వారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చేతులెత్తమన్నాను. హాలులో సగం చేతులు లేచాయి. ఏళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఎత్తిన చేతులతో ఒకరినొకరు చూసుకున్నారు.

“అట్లయితే ఇన్నాళ్లూ నేను తెలుగులో అన్నదంతా నీకు తెలిసిందా?” అంది ఒకామె.

“అంతా తెలిసింది. నా కొళంబు గురించి నువ్వు అన్నది కూడా.”

కొళంబంటే పులుసు. ఆ మాటకు వచ్చిన నవ్వు నా జోకులన్నిటికీ వచ్చినదానికంటే ఎక్కువ. ఆ తర్వాత నేను తమిళం చెప్పినా తెలుగు చెప్పినా హాలు నా చేతిలోనే ఉంది.

భోజనాల దగ్గర పెద్దావిడ నన్ను చెయ్యిపట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

“సాత్తూరుకు నువ్వే రావాల. ఆడ మా మరిది ఉండాడు. ఆయన నవ్వింది నేను ఇంతదాకా చూడలేదు.”

ఆయన ఏ భాషలో గొణుగుతాడని అడిగాను.

“గొణగడు. సుమ్మా, ఊరికే అట్లా చూస్తాడు.”

అన్నం కలుపుతూనే ఆయనకు చెప్పాల్సిన మొదటి మాట వెతకడం మొదలుపెట్టాను.