పేరు పోయిన పాటలు

మొన్న పొద్దున మా సందులోకి పాత సామాను ఆటో వచ్చింది. వెనకటిలాగా గొంతు చించుకుని అరిచే మనిషి లేడిప్పుడు, మైకులో నింపుకున్న గొంతు ఒకటి పాత ఇనుము, పాత ఫ్రిజ్జులు, పాత కంప్యూటర్లు కొంటామని చెప్పిందే చెబుతూ పోతుంది. ఆ మాట చెవిన పడగానే మా ఆయన హుషారుగా స్టూలు వేసుకుని, సజ్జ మీది నుంచి మా మొదటి కంప్యూటరు డబ్బాను దింపి, దుమ్ము దులిపి, గుమ్మం దాకా మోసుకుపోయాడు కూడా. నేను పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. డబ్బా కావాలంటే ఇచ్చెయ్, లోపలి హార్డ్ డిస్కు మాత్రం ఇవ్వనని పట్టుబట్టాను. ఆటో అతను నవ్వాడు, మా ఆయన విసుక్కున్నాడు, లోపల పాలు పొంగిపోయాయి. ఏదైతేనేం, స్క్రూలు విప్పించి ఆ ఇనుప ముక్కను కొంగులో చుట్టుకుని లోపలికి వచ్చాను. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. షాపులో కూర్చుంటే దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టానా అని, ఇంట్లో ఉంటే అది అసలు నడుస్తుందా అని, ఒకటే గుబులు.

నా ఈడువాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లిన తరం మనది. నేను బీర్కూర్ నుంచి రోజూ బస్సులో బాన్సువాడకు వచ్చి ముందు టైపు, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాను. బస్సులో నిలబడే వచ్చేదాన్ని, చెరకు కోతల కాలంలో అయితే ఆ నిలబడే చోటు కూడా దొరికేది కాదు. పెళ్లయ్యాక ఈ ఊళ్లోనే, మెట్టినింటి ముందు గదిలో, పెళ్లి పత్రికలు చేసే షాపు పెట్టుకున్నాం. మామ అప్పటికే రైస్ మిల్లు పని మానేసి ఇంటి పట్టున ఉన్నాడు. అత్తమ్మ బీడీలు చుట్టేది. చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే ఆకు కత్తిరించే చేయి ఒక పక్క, పాడే నోరు ఒక పక్క, పాటకూ పాటకూ మధ్య మామను తిట్టడం ఇంకో పక్క. బతుకమ్మ రోజుల్లో మా వాడకట్టు ఆడవాళ్లందరికీ ఆమే పాట ఎత్తుకోవాలి. ఆమె ఒక్క చరణం అందుకుంటే చాలు, మిగతావాళ్లకు చేతులు వాటంతటవే కలిసేవి.

అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ అన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చూసి, దసరా దాటగానే ఆపరేషన్ చేయాలి, ప్రాణం దక్కుతుంది గానీ మాట ఉండదు అని చెప్పేశారు. ఇంటికి వచ్చాక అత్తమ్మ ఏడవలేదు. చేట ముందేసుకుని కాసేపు ఊరికే కూర్చుని, నన్ను పిలిచి, "గా మిషిన్ల పాటలు నింపొచ్చునా పిల్లా?" అని అడిగింది.

నింపొచ్చన్నాను. ఎదురుగా ఫోటో స్టూడియో నడిపే అన్న దగ్గర మైకు తెచ్చాను. బతుకమ్మ పేర్చే రోజులన్నీ మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా ఆమె పాడితే నేను నింపాను. గొంతు అప్పటికే బొంగురుపోయింది. మధ్యలో దగ్గు వచ్చేది, ఆగి నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. ఒకరోజు మంచి పాట మధ్యలో మామ తలుపు తోసుకుని వచ్చి, కండ్లద్దాలు కనబడడం లేదని ఒకటే వెతుకులాట. అత్తమ్మ పాట ఆపి మామకు నాలుగు చీవాట్లు పెట్టి, ఆపిన చోటనే మళ్లీ అందుకుంది. ఆ ముక్క తర్వాత కత్తిరించేద్దామని అనుకున్నాను.

దసరా పొద్దున పాటలన్నిటినీ ఒక్క ఫోల్డరులోకి మార్చుతున్నాను. తెల్లారితే అత్తమ్మ దవాఖానకు పోవాలి, ఈ లోపల సీడీలో ఎక్కించి ఆమె చేతికి ఇవ్వాలని నా తొందర. పాటలు పెద్దవి, కంప్యూటరు చిన్నది, ఎంత మారిందో చూపే బార్ తెర మీద మెల్లగా పాకుతోంది. ఆయుధపూజకు నైవేద్యం తేవడానికి ఇంట్లోకి వెళ్లాను. గారెలు పళ్లెంలో సర్దుకుని తిరిగి వచ్చేసరికి కంప్యూటరుకు బంతిపూల దండ, నుదుట పసుపు కుంకుమ, ముందర కొట్టిన కొబ్బరికాయ, తెర మాత్రం నల్లగా. మామ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నడుస్తున్న మిషినుకు బొట్టు పెడ్తరా బిడ్డా? మిల్లుల గిట్లనే జేస్తుంటిమి. మెయిన్ బంద్ జేసిన, జర దమ్ తీస్కోనియ్యి" అన్నాడు ఎంతో నెమ్మదిగా.

కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మామను ఏమనగలను? ఏడాది పొడుగునా మనకోసం తిరిగిన యంత్రాన్ని ఆ ఒక్కరోజు ఆపి, కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టడమే ఆయనకు తెలిసిన మర్యాద. పైగా ఆ దండం ఎందుకు పెట్టాడో నాకు తెలుసు. భార్య గొంతు ఆ డబ్బాలో ఉందని ఆయనకు తెలుసు.

స్విచ్ వేశాను. కంప్యూటరు లేచింది గానీ, పాటల ఫోల్డరు నొక్కితే డైరెక్టరీ చెడిపోయింది, చదవలేనంటూ ఇంగ్లీషులో ఒక ముక్క రాసి చూపించింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. అత్తమ్మ లోపలి నుంచి, "ఎక్కినయా పిల్లా?" అని బొంగురుగా అడిగింది. ఎక్కుతున్నాయత్తమ్మా అన్నాను. అప్పటికి ఆమె గొంతు బాగా వాచి ఉంది. మళ్లీ పాడించే వీలు లేదు.

తెల్లవారి మా ఆయన అత్తమ్మను తీసుకుని హైదరాబాద్ వెళ్లాడు. మామ వెళ్లలేదు. జరిగింది నేను చెప్పకపోయినా నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. వాళ్ల బస్సు కదలగానే వచ్చి షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే తెలిసినాయన ఒకడుంటే ఫోన్ చేశాను. ఆ హార్డ్ డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకు, ముందు మొత్తం ఇంకో డిస్కు మీదికి దించుకో, ఆ నకలు మీదే రిపేరు చెయ్యి అని చెప్పాడు. స్టూడియో అన్న మారు మాట్లాడకుండా తన డిస్కూ, తన యూపీఎస్సూ రెండూ మోసుకొచ్చి ఇచ్చాడు.

ఇక మొదలైంది నా యాతన. నకలు దిగడానికే పూటంతా పట్టింది. ఆ తర్వాత నకలు మీద రిపేరు ప్రోగ్రాము వదిలితే, నల్లటి తెర మీద తెల్లటి అంకెలు, డిస్కును మూల మూలా తడుముతూ, ఒకచోట పరుగెత్తి ఒకచోట ఆగిపోయి. కరెంటు మిణుకుమంటే ప్రాణం పోయి వచ్చేది. గడప దాకా వెళ్లేదాన్ని, తిరిగి వచ్చేదాన్ని, చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని. పత్రికల కోసం వచ్చినవాళ్ల మీద ఊరికే కసురుకున్నాను. మామ స్టూలు మీది నుంచి నిమిషానికోసారి, "ఏమాయె బిడ్డా? దొర్కినయా?" అంటాడు. అయ్యో, ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కేది. "మామా, మీరు జర ఇంట్లకు పోయి పండుకోండ్లి" అని బతిమాలితే, లేచి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "నేను బంద్ జేసిన గద. నేనెట్ల పండుకుంట?" అన్నాడు.

సాయంత్రానికి తడమడం అయిపోయింది. ఫోల్డరు మాయమైంది. దాని బదులు దొరికిన ముక్కలన్నీ ఒకచోట పడి ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, ఫైల్ అన్న మాట, వెనక సున్నాలు, ఒక అంకె, అంతే. వాడకట్టులో ఇళ్ల నంబర్లన్నీ ఎవరో పీకేస్తే ఎట్లా ఉంటుంది? మనుషులు లోపలే ఉంటారు, ఎవరిల్లు ఏదో తెలియదు. నేను ఒక్కో తలుపూ తట్టాను. మొదటిది ఒట్టి గరగర. రెండోది ఎవరిదో పెళ్లి పత్రిక. ఆ తర్వాతి దానిలోంచి అత్తమ్మ దగ్గు వినిపించింది. దగ్గు వెనకే పాట, సగంలోంచి మొదలై సగంలోనే తెగిపోయి. మామ స్టూలు మీద నుంచి లేచాడు. నేను ఏడ్చేశాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అత్తమ్మ మెడకు బట్ట కట్టుకుని ఇంటికి వచ్చింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. కాస్త కోలుకున్నాక షాపులో కూర్చోబెట్టి ఆ ముక్కలన్నీ వినిపించాను. ఏ ముక్క ఏ పాటదో, దేని తర్వాత ఏది రావాలో నాకు తెలిస్తేగా. ఆమె బీడీల చేట బోర్లించి వేళ్లతో తాళం వేస్తూ, కళ్లు మూసుకుని వింది. ఇది ముందు, అది వెనక, ఇది వేరే పాట అని చేత్తోనే చెప్పింది. ఆమె చెప్పిన వరసలో నేను అతికించుకుంటూ పోయాను. కొన్ని పాటలు పూర్తిగా కుదిరాయి, కొన్నిటికి నడుమ చరణాలు దొరకనే లేదు. దొరకని చోట చేట మీద తాళం మాత్రం ఆపేది కాదు, లోపల పాడుకునేదేమో.

అప్పుడు వచ్చింది ఆ ముక్క. అన్నిట్లోకీ అదొక్కటే చెక్కు చెదరకుండా దక్కింది. "ఓ పెద్దమనిషీ! అద్దాలు అద్దాలని ఇల్లంత లొల్లి జేస్తవేంది? నెత్తి మీదున్నయ్ చూస్కో జర! నన్ను పాడనిస్తవా, లేదా?" వెనక నిలబడి ఉన్న మామ చేయి టక్కున నెత్తి మీదికి పోయింది. అత్తమ్మ అది చూసి నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగిపోయాయి, కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి.

ముక్కలన్నీ మళ్లీ మా డిస్కులోకి మార్చుకుని, స్టూడియో అన్న డిస్కు ఆయనకు తిరిగి ఇచ్చి, పాటలకు పేర్లు పెట్టి సీడీల్లో ఎక్కించాను. ఆ తిట్టు కూడా ఎక్కించబోతే మామ వద్దన్నాడు, వాడకట్టు ముందర ఇజ్జత్ పోతదన్నాడు. కానీ అన్నం తిన్నాక ఎవరూ లేని వేళ చూసి షాపులోకి వచ్చేవాడు. "పాటలు అందరింటరు బిడ్డా, నాకు గది పెట్టు" అనేవాడు. పెట్టేదాన్ని. విన్నప్పుడల్లా చేయి నెత్తి మీదికి పోయేది. బతుకంతా ఆమె నోటికి దడిచి అరుగు మీదే పొద్దుపుచ్చిన మనిషి, ఆ నోరు లేక ఇంట్లో నిలవలేకపోయాడు. ఇల్లు గుయ్యిమంటోందనేవాడు. ముందు ఆయన పోయాడు, తర్వాత అత్తమ్మ. ఆ కంప్యూటరు సజ్జ ఎక్కింది.

పాటలు ఇప్పుడు చుట్టాలందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఆ ఒక్క ముక్క మాత్రం ఈ డిస్కులోనే ఉంది. అందుకే ఈ గుబులంతా. చివరకు నిన్న మధ్యాహ్నం ఉండబట్టలేక, పాత డిస్కులను తగిలించే తీగ ఒకటి తెచ్చి షాపులోని కొత్త కంప్యూటరుకు కలిపాను. గరగరా తిరిగింది. తిరిగి, అదే పాత మాట రాసి చూపించింది, డైరెక్టరీ చెడింది, బాగుచేయమంటావా అని. నిజామాబాద్ ఆయన అప్పుడు చెప్పిన మాట మరిచిపోలేదు. దాని మీద ఏమీ రాయనివ్వకుండా, చేతికి అందినవన్నీ ముందు ఇవతలికి దించుకున్నాను. పేరు లేని ఆ ముక్క దొరికింది. నొక్కాను.

"ఓ పెద్దమనిషీ!" అంది అత్తమ్మ. పేపరు చదువుకుంటున్న మా ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. నెత్తి మీదున్నయ్ చూస్కో అనగానే ఆయన చేయి నెత్తి మీదికి పోయింది. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. చేయి అక్కడే ఉంచుకుని, "ఇంకొక్కసారి పెట్టు" అన్నాడు.

ఇప్పటి యంత్రాలను ఎవరూ ఆపరు. దసరాకు ఫోనుకు బొట్టు పెడుతుంటే అది చేతిలోనే మోగుతుంది. మనం అడగకుండానే అన్నీ ఎక్కడో భద్రంగా దాచుకుంటున్నాయట, మంచిదే. కానీ మా ఇంట్లో గొంతెత్తి తిట్టేవాళ్లు లేక చాలా ఏళ్లయింది. ఆయన ఫోను ఆయనది, నా ఫోను నాది. అద్దాలు కనబడకపోతే ఆయన ఎవరినీ అడగడు, తనే వెతుక్కుంటాడు.

ఇంకొక్కసారి పెట్టాను.